తొమ్మిది గంటల క్షేమసమాచారం

ఆ గురువారం ఉదయానికి చంద్రమౌళి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఒక్క మాటైనా మాట్లాడకుండా మధ్యాహ్న భోజనం దాకా గడపాలి. అరవై తొమ్మిదేళ్ళ జీవితంలో ఆయన పూనిన వ్రతాలలో ఇంత కఠినమైనది మరొకటి లేదు.

పసుపు, కుంకుమ, కర్పూరం, సాంబ్రాణి అమ్మే పూజాసామగ్రి వ్యాపారం ఆయనది. వరంగల్ మట్టెవాడలో ఇంటి కిందనే పెద్ద దుకాణం. అది కాక కాశిబుగ్గలో, రఘునాథపల్లిలో, డోర్నకల్‌లో మూడు శాఖలు. శాఖకు రెండు చొప్పున ఆరు కంప్యూటర్లు. అవి వచ్చిన నాటి నుంచి, అంటే పన్నెండేళ్ళుగా, ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు ఆయన మూడు శాఖలకూ స్వయంగా ఫోను చేసి, "దీపం పెట్టిండ్రా? కంప్యూటర్ లేచిందా?" అని అడుగుతాడు. కాశీయాత్రలో ఉన్నా, కూతురి పెళ్ళిపీటల మీద కూర్చున్నా ఈ వరుస తప్పలేదు. దూరాన్ని బట్టి గొంతు పెంచాలన్నది ఆయన విశ్వాసం. కాశిబుగ్గతో మామూలుగా మాట్లాడతాడు. రఘునాథపల్లి వంతు వచ్చేసరికి లేచి నిలబడతాడు. డోర్నకల్‌కు మాత్రం మేడ ఎక్కుతాడు. ఎదురింటి వెంకట్రాజం ఆ డోర్నకల్ కేకను బట్టి గడియారం సరిచేసుకుంటాడు.

ఇన్నేళ్ళ విశ్వాసానికి ఫలంగా గొంతు పూడుకుపోయింది. హనుమకొండలోని డాక్టరు నోట్లోకి దీపం వేసి చూసి, "పది రోజులు మౌనం పాటించండ్రి సేటూ. నడుమ నోరు తెరిచిండ్రంటే ముక్కోటికి మీ గొంతు నా పూచీ కాదు" అన్నాడు. మరొక భయమేదైనా చెప్పి ఉంటే చంద్రమౌళి లక్ష్యపెట్టేవాడు కాదు. ముక్కోటి ఏకాదశి నాటి ఉదయం వేంకటేశ్వరస్వామి గుడిలో పద్యపారాయణం ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా ఆయన కంఠానిదే. ఆ సేవ తన చేజేతులా తప్పిపోతే స్వామి క్షమించవచ్చునేమో గాని, తనను తాను క్షమించుకోలేడు. ఏకాదశి సరిగ్గా పదకొండవ రోజున పడింది. అందుచేత ఆయన ఒక పలక, ఒక బలపం తెప్పించుకొని మౌనముద్ర దాల్చాడు.

ఆ ముద్రకు కావలి కాసే బాధ్యతను భార్య లక్ష్మీనర్సమ్మ స్వీకరించింది. ఒక డబ్బా నిండా పటికబెల్లం ముక్కలు పోసుకొని ఆయన పక్కనే పీట వేసుకుంది. ఆయన నోరు తెరుచుకున్న క్షణంలో అందులో ఒక ముక్క పడుతుంది.

"నాకు డెబ్బై ఏండ్లు దగ్గరపడ్డయి. నలభై ఆరేండ్ల నుంచి ఈ మనిషి నోరు చూస్తాన. ఎప్పుడు తెరుస్తడో నాకన్న ఎవలకు ఎరుక?" అన్నది.

ఇక ఉదయపు ఫోన్ల సంగతి. ఆ చిక్కును కోడలు అక్షర విడదీసింది. ఆమె ఒక హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. ఎక్కడెక్కడో ఉన్న వందల కంప్యూటర్లు బాగున్నాయో లేదో కూర్చున్నచోటి నుంచే కనిపెట్టడం ఆమె ఉద్యోగం.

"ఆరు కంప్యూటర్లకు ఇంత ఒర్లుడెందుకు మామయ్యా? నేనొక స్క్రిప్టు రాస్త. స్క్రిప్టంటే మీ పూజావిధానం లెక్కనే. ముందు పిలుసుడు. పలికితే క్షేమం అడుగుడు. కరెంటున్నదా, నెట్టున్నదా, లోపల జాగ ఉన్నదా, బిల్లు నడుస్తాందా, టైము సరిగున్నదా అని ఐదే ప్రశ్నలు. పలకకుంటే ఐదు నిమిషాలకు మళ్ల పిలుసుడు. తొమ్మిది కొట్టంగనే జవాబంత మీ ఫోన్ల పడుతది."

చంద్రమౌళి ముఖం వికసించింది. బలపం అందుకొని, "పంచోపచారములన్నమాట. శుభము" అని పలక మీద వ్రాశాడు. తరువాత చేత్తో తుడిచి, మరొక వాక్యం వ్రాశాడు: "నా అస్వస్థత శాఖలవారికి తెలియరాదు."

దానికి కారణం ఉన్నది. ఏడేళ్ళ కిందట ఆయనకు రెండు రోజులు జ్వరం వస్తే మూడు శాఖలవారూ పండ్లతో వచ్చి, మంచం చుట్టూ కూర్చొని, ఆయన చేత నాలుగు గంటలు మాట్లాడించి వెళ్ళారు. ఆ సంగతి గుర్తుంచుకొని ఆయన భార్య చేత, కోడలి చేత దేవుడి అర ముందు ప్రమాణం చేయించాడు. ముక్కోటి దాటేదాకా వారిద్దరూ గొంతు సంగతి ఎవరికీ చెప్పరాదు. కొడుకు మధు సరుకు కోసం చెన్నై వెళ్ళాడు గనుక ప్రమాణం తప్పించుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నమే అక్షర తన గదిలో కూర్చొని, ఆరు కంప్యూటర్లలోనూ జవాబు చెప్పే చిన్న ఏర్పాటొకటి దూరం నుంచే అమర్చింది. పని చక్కగా కుదిరింది. రెండు స్వల్ప విషయాలు మాత్రం ఆమె దృష్టికి రాలేదు. స్క్రిప్టు పిలిచినప్పుడల్లా అవతలి తెర మీద ఒక నల్లని గడి రెప్పపాటు మెరిసి మాయమవుతుంది. పలకనిది ఒక్కటే అయినా, స్క్రిప్టు మళ్ళీ మొదటి నుంచి ఆరింటినీ పిలుస్తుంది.

గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు చంద్రమౌళి అలవాటు చొప్పున మేడ మెట్లు నాలుగు ఎక్కి, పటికబెల్లం డబ్బా మోత విని దిగివచ్చాడు. తొమ్మిది కొట్టింది. ఫోను గుడిగంటలా మోగింది. కాశిబుగ్గ రెండూ క్షేమం. రఘునాథపల్లి రెండూ క్షేమం. డోర్నకల్ రెండూ పలకడం లేదు.

అవి పలకకపోవడానికి సుదర్శన్ కారణం. డోర్నకల్ శాఖను చూసే సుదర్శన్ ముప్ఫై నాలుగేళ్ళు రైల్వే సిగ్నల్ కేబిన్‌లో పనిచేసి పదవీ విరమణ పొందినవాడు. ముందు స్టేషను నుంచి లైన్ క్లియర్ వస్తే గాని బండి కదలరాదన్నది అతని రక్తంలో ఇంకిన ధర్మం. దుకాణంలో సేటు ఫోనే అతనికి లైన్ క్లియర్. అది రాలేదు. అతడు దీపం పెట్టి, కంప్యూటర్లు తుడిచి, స్విచ్చి మీద వేలు ఉంచి కూర్చున్నాడు.

"డోర్నకల్లు నిద్రించుచున్నది. హేతువేమి?" అని చంద్రమౌళి పలక చూపించాడు.

"ఇప్పుడే ఫోన్ చేస్త మామయ్యా" అని అక్షర సుదర్శన్‌కు ఫోను కలిపింది. ఎంగేజ్. మళ్ళీ కలిపింది. మళ్ళీ ఎంగేజ్. ఎందుకంటే ఆ వేళకే కాశిబుగ్గ శాఖను చూసే సుభాషిణి అతనితో మాట్లాడుతున్నది.

"సుదర్శనన్నా, సేటు నీకు ఫోన్ చేసిండా?"

"లేదు చెల్లె. నేను సిగ్నల్ కోసమే కూసున్న."

"నాకు సుత చెయ్యలే. పన్నెండేండ్లల్ల ఒక్కనాడు తప్పలే గదనే! పైకెల్లి కంప్యూటర్ల నల్లగ ఏదో మెరిసింది. నాకు గుండె దడదడ కొట్టుకుంటాంది."

"నల్లగనా?"

"నల్లగనే. దీపం ముందర నల్లది మెరిసుడేంది చెప్పు?"

సుదర్శన్ తన సర్వీసులో నల్ల సిగ్నల్ అనేది లేదని చెప్పి ఫోను పెట్టేశాడు. అతడు పెట్టేసిన మరుక్షణం రఘునాథపల్లి నుంచి యాకయ్య ఫోను వచ్చింది. అక్షరకు మళ్ళీ ఎంగేజ్. డోర్నకల్ మౌనంగా ఉన్నంతసేపూ స్క్రిప్టు తన ధర్మం తాను నెరవేర్చింది. తొమ్మిది అయిదుకు ఆరింటినీ పిలిచింది. తొమ్మిది పదికి పిలిచింది. పదిహేనుకు పిలిచింది. పిలిచినప్పుడల్లా కాశిబుగ్గలోను, రఘునాథపల్లిలోను నల్లని గడి మెరిసింది. తొమ్మిది ఇరవైకి సుభాషిణి ధైర్యం చెదిరిపోయింది. ఆమె రెండు కంప్యూటర్లూ ఆర్పి, దుకాణానికి తాళం వేసి, రెండు కొబ్బరికాయలు, డజను అరటిపండ్లు తీసుకొని ఆటో ఎక్కింది. కళ్ళజోడు దుకాణంలోనే మరిచిపోయింది.

యాకయ్య భయం మరొక విధమైనది. ఫోను రాకపోవడమూ, ఐదు నిమిషాలకొకసారి తెరలో నల్లని కన్ను తెరుచుకొని మూసుకోవడమూ కలిపి చూస్తే, అతనికి ఒకటే అర్థం తోచింది. సేటు తనను చూస్తున్నాడు. చాలా రోజులుగా చూస్తున్నాడు. అందుకే మాట్లాడటం లేదు. అతడు కంప్యూటర్లు రెండింటినీ ఆర్పి, బిల్లుల కంప్యూటర్ డబ్బాను తువ్వాలలో మూటగట్టి, తానే తెచ్చి అప్పగిస్తే శిక్ష కొంత తగ్గవచ్చునని బస్టాండుకు నడిచాడు.

చంద్రమౌళి ఫోనులో గంట మీద గంట మోగుతున్నది. కాశిబుగ్గ రెండూ పలకడం లేదు. రఘునాథపల్లి రెండూ పలకడం లేదు. ఆరింటికి ఆరూ పలకడం లేదు. ఆయన కుర్చీలోంచి లేచాడు. నోరు తెరిచాడు. పటికబెల్లం పడింది.

"స్క్రిప్టే తప్పు కావచ్చు మామయ్యా, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నది అక్షర. మూడు శాఖలకూ మార్చి మార్చి ఫోను కలిపింది గాని, వారు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నందున అన్నీ ఎంగేజే. కంపెనీలో వందల కంప్యూటర్లను ఒంటిచేత్తో ఏలుతున్న తాను, అత్తగారింటి ఆరింటిని ఇరవై నిమిషాలలో పోగొట్టుకున్నదన్న మాట బయటపడితే ఏ ముఖం పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

అంతలో వాకిట్లో ఆటో ఆగింది. సుభాషిణి లోపలికి వచ్చి, కుర్చీలో నిటారుగా కూర్చున్న సేటును చూసి, ప్రాణం కుదుటపడి, "సేటూ, మంచిగనే ఉన్నరా?" అన్నది. చంద్రమౌళి పలుకలేదు. ఆమె లక్ష్మీనర్సమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, ఏమైంది సేటుకు?"

ప్రమాణం చేసిన లక్ష్మీనర్సమ్మ గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ, "ఏం కాలే. ఇయ్యాల ఎవలతోని మాట్లాడడట" అన్నది.

ఇంతకంటే ఘోరమైన మాట సుభాషిణి తన ఉద్యోగజీవితంలో వినలేదు. సేటుకు జబ్బు లేదంటే కోపమే ఉన్నది. కోపమున్నదంటే సంగతి తెలిసిపోయింది. ఆమె కొబ్బరికాయలు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొన్నది.

"తప్పయింది సేటూ! చలికాలం ఇడ్లీ పిండి పులుస్తలేదని, వెచ్చగ ఉంటదని, కంప్యూటర్ డబ్బా మీద గిన్నె పెట్టిన. మూడేండ్ల నుంచి పెడుతాన. ఒక్కసారే ఒలికింది. పొడి బట్టతోని తుడిసిన. గంగతోడు, ఇగ పెట్ట!"

చంద్రమౌళి నివ్వెరపోయాడు. ఆయనకు కోపం రాలేదు. ఆమెను ఓదార్చాలన్న ఆతురతతో నోరు తెరిచాడు. పటికబెల్లం పడింది. దాన్ని బుగ్గకు నెట్టి, పలక అందుకొని, ఎప్పటివలె నిండు వాక్యంతో మొదలుపెట్టాడు: "అమ్మా సుభాషిణీ, నీవు నిర్దోషివి, నీ పిండియు నిర్దోషి..." అక్కడికి పలక నిండింది. తుడిచి రెండవ భాగం వ్రాశాడు. తుడిచి మూడవ భాగం వ్రాశాడు. కళ్ళజోడు లేని సుభాషిణికి కనిపించినదల్లా, సేటు తన ఎదుట ఏదో వ్రాయడం, తానే దాన్ని ఆగ్రహంతో చెరిపివేయడం. ఆమె ఏడుపు రెట్టింపైంది. ఆ ఏడుపులోనే ఆమె ఫోను తీసి యాకయ్యతో, "అన్నా, సేటు నోరు విప్పుతలేడే. రాసుకుంటాండు, చెరుపుకుంటాండు!" అని చెప్పింది. బస్సులో ఉన్న యాకయ్య ఒడిలోని మూటను గట్టిగా హత్తుకున్నాడు. డోర్నకల్‌కు కూడా అతడే ఆ వార్త అందించాడు.

యాకయ్య వచ్చేసరికి పదకొండు దాటింది. అప్పటికి ఎదురింటి వెంకట్రాజం, "డోర్నకల్ కూత ఇనపడలే, ఇయ్యాల నా గడియారం ఆగింది, ఏం సంగతి?" అని వచ్చి కూర్చున్నాడు. యాకయ్య మూటను చంద్రమౌళి పాదాల వద్ద దించి, విప్పి, దండం పెట్టాడు.

"సేటూ, ఇగో మీ కంప్యూటర్. మీరు చూసిందంత నిజమే. నేను అబద్ధమాడ. పగటీలి గిరాకీ లేనప్పుడు దాంట్ల ఒగ్గు కథ పెట్టుకొని నిద్రపోతాన. కథ అయిపోయినంక లేస్తాన. ఒక్కొక్కనాడు కథ పెద్దగుంటది."

"ఎవలు చూసిండ్రు అన్నా?" అని అక్షర అడిగింది.

"సేటే చూసిండు గదమ్మా. ఐదైదు నిమిషాలకు నల్ల కన్ను తెరుసుడు, మూసుడు. నా ఎదురుంగనే!"

నల్ల కన్ను ఏమిటో అక్షరకు ఇప్పుడు అర్థమైంది. కాని అదేమిటో చెప్పాలంటే స్క్రిప్టు ఎందుకు వ్రాసిందో చెప్పాలి. అది చెప్పాలంటే ఫోన్లు ఎందుకు ఆగాయో చెప్పాలి. అక్కడ ప్రమాణం అడ్డం వస్తున్నది. ఆమె దేవుడి అర వైపు ఒకసారి, మామగారి వైపు ఒకసారి చూసి ఊరుకున్నది. యాకయ్య ఆ మౌనాన్ని కూడా తన ఖాతాలోనే వేసుకొని, "మా మనుమరాలు సుత ఐతారం పూట బొమ్మల కథలు చూస్తది" అని మరొక నేరం ఒప్పుకున్నాడు.

చంద్రమౌళి ఇక తట్టుకోలేకపోయాడు. తన శాఖలను పన్నెండేళ్ళు నిలబెట్టిన ఇద్దరు మనుషులు తన కాళ్ళ దగ్గర దొంగలవలె నిలబడి ఉన్నారు. ఒక్క మాట చాలు, ఇద్దరూ లేచి నవ్వుతారు. ఆ ఒక్క మాటకు వెల ముప్ఫై ఒక్కేళ్ళ సేవ. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కంఠం కదిలింది. పెదవులు విడివడ్డాయి. లక్ష్మీనర్సమ్మ డబ్బాలో చేయి పెట్టింది. డబ్బా ఖాళీ.

సరిగ్గా ఆ క్షణాన గుమ్మంలో నుంచి, "ఆగుండ్రి!" అన్న కేక వినిపించింది.

సుదర్శన్ వచ్చాడు. పాత రైల్వే కోటు తొడుక్కొని, దుకాణపు తాళాల గుత్తి చేతిలో పట్టుకొని, ప్యాసింజరు దిగి తిన్నగా నడిచి వచ్చాడు. "సిగ్నల్ రాకపోతే కేబిన్ కాడికి పోయి చూసి రావాలె. అది రూలు. అందుకే వచ్చిన" అన్నాడు. ఆపైన ఎవరి మాటకూ ఎదురుచూడకుండా గది అంతా ఒకసారి పరికించాడు. సేటు మెడకు చుట్టిన ఉన్ని గుడ్డను, పలకను, ఖాళీ డబ్బా అడుగున అంటిన పటికబెల్లపు పొడిని, అమ్మ ముఖాన్ని, కోడలి ముఖాన్ని చూశాడు.

"గొంతు పోయిందా సేటూ?"

చంద్రమౌళి తెరిచిన నోరు మూసి, తల ఊపాడు. ప్రమాణం చేసిన ఇద్దరు స్త్రీలూ ఒక్కసారే ఊపిరి వదిలారు.

"నీకెట్ల ఎరుకైందే?" అన్నది సుభాషిణి.

"దీంట్ల ఎరుకయ్యేది ఏమున్నది చెల్లె? డోర్నకల్‌కు సేటు మాట్లాడేది సగం ఫోన్ల వస్తది, సగం గాలిల వస్తది. గట్ల ఒర్లితే ఇంజన్ కూత సుత పన్నెండేండ్లు నిలువదు."

అక్షర గొంతు విప్పి అంతా చెప్పింది. స్క్రిప్టును, నల్ల గడిని, ఐదు నిమిషాల పిలుపును, ఆరింటినీ తిరిగి పిలిచిన తన పొరపాటును వరుసగా ఒప్పుకున్నది. ఆనాటి ఒప్పుకోళ్ళలో ఆమెది మూడవది. యాకయ్య మూటలోని డబ్బా వైపు చూసి, "అయితె దీన్ని మళ్ల మోసుకపోవాల్నా?" అన్నాడు.

"గని సుదర్శనన్నా, మీరు కంప్యూటర్ ఎందుకు పెట్టలే? అదొక్కటి పలికితే ఇంత లొల్లి కాకపోవు" అన్నది అక్షర.

"సేటు అడగలే గదమ్మా."

"అడిగేది కంప్యూటర్ సంగతేనా?"

సుదర్శన్ యాకయ్య వైపు, యాకయ్య సుభాషిణి వైపు చూశారు. సుభాషిణి కళ్ళు తుడుచుకున్నది. "కంప్యూటర్ లేచిందా అంటడు. లేచిందంటే ఇనిపిచ్చుకోడు. నా మోకాలు నొప్పెట్లున్నదంటడు. మగ్గం మీద మా ఇంటాయన చీర ఎంత దాక వచ్చిందంటడు."

"మా ఊర్ల వాన పడ్డదా అంటడు" అన్నాడు యాకయ్య.

"రాత్రి దగ్గు తగ్గిందా అంటడు. నాకు దగ్గు పోయి నాలుగేండ్లాయె" అన్నాడు సుదర్శన్.

అందరూ చంద్రమౌళి వైపు తిరిగారు. ఆయన సిగ్గుపడి, పలక తుడిచి, ఆ రోజు మొదటిసారి పలకలో పట్టేంత చిన్న వాక్యం వ్రాశాడు. యాకయ్య కూడబలుక్కొని పైకి చదివాడు: "కంప్యూటర్ల గురించి నాకేమియు తెలియదు."

వెంకట్రాజం మొదట నవ్వాడు. ఆపైన ఎవరు ముందు నవ్వారో, ఎవరు వెనుక నవ్వారో చెప్పడం కష్టం. చంద్రమౌళి నోరు మూసుకొనే నవ్వాడు. ఆ నవ్వుకు భుజాలు మాత్రమే కదిలాయి. లక్ష్మీనర్సమ్మ ఖాళీ డబ్బా పక్కన పెట్టి, అందరికీ వంట ఎక్కించింది.

ఆ సాయంత్రమే అక్షర స్క్రిప్టును దిద్దింది. నల్ల గడి తెర మీదికి రాకుండా మరుగున పెట్టింది. పలకనిదాన్ని మాత్రమే తిరిగి పిలిచేటట్టు చేసింది. శాఖలవారు పట్టుబట్టడంతో జాబితాలో ఏడవ పేరు కూడా చేర్చింది. అది సేటు పేరు. ఉదయం తొమ్మిదికి ఆయన ఫోను మోగుతుంది. ఆయన ఒక మీట నొక్కాలి. నొక్కితే మూడు శాఖలకూ "సేటు క్షేమం" అని వెళుతుంది. దాని వెనుకనే ఆయన పలక మీద వ్రాసిన ప్రశ్న ఫోటో వెళుతుంది. ఐదు నిమిషాలలో నొక్కకపోతే మూడు ఫోన్లలోనూ గంట మోగుతుంది. ఆ ప్రశ్న ఫోటో అందేదాకా డోర్నకల్‌లో కంప్యూటర్ వెలగదు. ఆ నియమాన్ని మార్చడం అక్షర వల్ల కాలేదు.

పది రోజులు గడిచాయి. ముక్కోటి ఏకాదశి వచ్చింది. కొనేవారందరూ గుళ్ళలోనే ఉంటారు గనుక పదింటి దాకా దుకాణాలు తెరవనక్కరలేదని సుదర్శన్ తీర్మానించాడు. ఆనాడు స్వామి సన్నిధిలో చంద్రమౌళి పీఠం మీద కూర్చొని, పది రోజుల మౌనం తరువాత మొదటి పద్యం ఎత్తుకున్నాడు. గొంతు కడిగిన కంచుగంటలా మోగింది. ఎదురుగా మొదటి వరుసలో సుభాషిణి, యాకయ్య, సుదర్శన్ కూర్చున్నారు. వారి పక్కన లక్ష్మీనర్సమ్మ, ముందుజాగ్రత్తగా డబ్బాతో.

తొమ్మిదికి చంద్రమౌళి జేబులో ఫోను మోగింది. పద్యం నడుమ ఆయన మీట నొక్కలేదు. తొమ్మిది అయిదుకు సేటు పలకడం లేదని మొదటి వరుసలో మూడు ఫోన్లు ఒక్కసారిగా గణగణమన్నాయి. ముగ్గురూ వాటిని తడుముకొని, నొక్కి, ఆపి, మళ్ళీ చేతులు జోడించారు. పద్యం ఆగలేదు.

అక్షర స్క్రిప్టు ఆ ఉదయం పంపిన నివేదిక ప్రకారం, ఆ వ్యాపారంలో ఆరు కంప్యూటర్లు గాని, వాటి యజమాని గాని నిద్ర లేవలేదు.